హ్యాండు గేరుతో బహదూర్‌గఢ్ దాకా

ఢిల్లీలో మేముండే మయూర్ విహార్ నుంచి హర్యానాలోని బహదూర్‌గఢ్‌కు రానూపోనూ తొంభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మెట్రో ఎక్కితే పొద్దున వెళ్లి సాయంత్రం టీ వేళకు ఇంట్లో ఉండొచ్చు. ఈ మాత్రం దానికి యాత్ర అని పేరా అని ఆఫీసులో నవ్వారు. నవ్వనివ్వండి. వాళ్లెవరూ డెబ్భై ఏళ్ల ట్రక్కులో, గేరు కర్ర ఎప్పుడు చేతికి ఊడొస్తుందో తెలియకుండా, డిసెంబరు పొగమంచులో రోహ్‌తక్ రోడ్డు మీద పోలేదు. నేను పోయాను. రెండు రోజులు పట్టింది. అందులో నేను భయపడని గంట ఒక్కటి కూడా లేదని ముందే ఒప్పుకుంటున్నాను.

గేటు ముందు వాలు

ముందు బండి సంగతి చెప్పాలి. తోటకూర రంగు పికప్ ట్రక్కు. ఎనిమిదేళ్ల కిందట ఒక టెంట్‌హౌస్ యజమాని షెడ్డులో విరిగిన కుర్చీల వెనక కనిపిస్తే మనసు పడి కొన్నాను. “సైకిలు తొక్కడానికే భయపడే మనిషి, మీకెందుకండీ ఈ లారీ?” అంది మా ఆవిడ కామేశ్వరి. 

దీని గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఇక్కడి పాత డ్రైవర్లు హ్యాండు గేరు అంటారు. కర్రను మనవైపు లాక్కుని కిందికి దించితే మొదటి గేరు, పైకి ఎత్తితే రివర్సు. కర్రను పట్టుకునే పిన్ను అరిగిపోయి పోయిన వేసవి నుంచి అది లొడలొడ మోగడం మొదలైంది. ఏ గతుకు వచ్చినా డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు. ఆ చప్పుడంటే నాకు భయం. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఇంకేం బయటపడుతుందోనని అదో భయం. చివరికి ఒక ఆదివారం పొద్దున, వంటింట్లో పక్కన పడేసిన కుక్కర్ రబ్బరును ముక్కలుగా కోసి, కర్ర మొదట్లో ఉన్న సందులో కుక్కేశాను. చప్పుడు టక్కున ఆగిపోయింది. పెద్ద ఇంజనీరునైనట్టు రెండు రోజులు ఇంట్లో ఛాతీ విరుచుకుని తిరిగాను.

మా సొసైటీ గేటు రోడ్డుకన్నా ఎత్తులో ఉంటుంది. కింద వాలు మొదట్లో, నీలం టార్పాలిన్ కింద రామ్‌సేవక్ అనే ఆయన బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తాడు. సెప్టెంబరులో ఒకరోజు మా అమ్మాయి స్రవంతి బండి నడుపుతూ ఆ వాలు మీద ఆగింది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలింది. బండి ముందుకు పోవడానికి బదులు వెనక్కి జారింది. అమ్మాయి కొయ్యబారిపోయింది. నేను చేతి బ్రేకు లాగేలోపు బండి వెళ్లి ఇస్త్రీ బల్లను గుద్దింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె రామ్‌సేవక్ పాదం మీద పడింది. అతను ఒక్క అడుగు పక్కకు వేసి ఉండకపోతే పాదంతో పోయేది కాదు.

“రివర్సు ఎందుకు వేశావు?” అని అరిచాను నేను.

ఆ మర్నాడు బండి మళ్లీ మోగింది. చూస్తే కర్ర మొదట్లో రబ్బరు ముక్క లేదు. కిందికి జారి, గేర్లు మార్చే ఇనుప చేతులు కదిలే చోట ఇరుక్కుని ఉంటుందని నాకు అప్పుడే తట్టింది. అది అడ్డుపడి గేరు సగమే పడింది, క్లచ్ వదలగానే ఊడిపోయింది. అమ్మాయి రివర్సు వెయ్యలేదు. ఈ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. రామ్‌సేవక్‌కు కట్లు కట్టించాను, కొత్త బల్ల చేయించాను, తప్పు మాత్రం అమ్మాయి మీదే ఉంచేశాను.

స్రవంతి పశువైద్యం చదివింది. ఆల్వార్ దగ్గర పల్లెల్లో తిరిగే ఉద్యోగం వచ్చింది, జీపు తనే నడుపుకోవాలి. ఏ సంగతీ సోమవారంలోగా రాసి చెప్పమన్నారు. శుక్రవారం రాత్రి అన్నాల దగ్గర వాళ్ల అమ్మతో అంది: “మైఁ మనా కర్ దూంగీ మమ్మీ, వద్దని రాసేస్తాను. నా చేతిని నేనే నమ్మను.” సెప్టెంబరు నుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు. ఇస్త్రీ బట్టలు రామ్‌సేవక్‌కు ఇవ్వడం మానేసి, ఇంట్లో తనే చేసుకుంటోంది.

ఆ రాత్రి నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. బండి బాగు చేయిస్తే అమ్మాయి కూడా బాగైపోతుందని. నిజం చెప్పడం కన్నా కర్ర మొదట్లో అరిగిన బుష్షులు, అంటే పిన్ను చుట్టూ ఉండే చిన్న లోహపు గొట్టాలు, మార్చడం నాకు తేలిగ్గా కనిపించింది.

జామా మసీదు వెనక

శనివారం పొద్దున బయల్దేరాం. నా ఆఫీసు హిందీ విని మెకానిక్కులు మోసం చేస్తారని కామేశ్వరి అమ్మాయిని నా వెంట పంపింది. స్రవంతి పక్క సీట్లో చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. యమున వంతెన మీద పొగమంచులో ముందు వెళ్లే బస్సు ఎర్ర దీపాలు తప్ప ఏమీ కనపడలేదు. గేరు మార్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాను. అమ్మాయీ బిగబట్టడం నాకు వినిపించింది.

జామా మసీదు వెనక మోటారు విడిభాగాల సందుల్లో దొరకనిది లేదంటారు. బండిని పెద్ద రోడ్డు మీద ఆపి, ఒక దుకాణం ముసలాయన్ని బతిమాలి వెంటబెట్టుకొచ్చాను. మఫ్లరు చెవుల మీదికి లాక్కుని, కర్ర మొదట్లో వేలు పెట్టి తిప్పాడు. వేలి కొసకు నల్లటి రబ్బరు పొడి అంటుకుని వచ్చింది.

“సాబ్, ఇందులో రబ్బరు ఎవరు కుక్కారు?”

తల తిప్పి చూశాను. అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. “పాత ఓనరు అయ్యుంటాడు” అన్నాను.

ఎనిమిదేళ్ల నుంచి బండి నాదేనని ఆయనకు తెలియదు కదా. తల ఊపాడు. ఈ బుష్షులు ఇప్పుడు ఎవరూ చెయ్యరనీ, ఇత్తడి కడ్డీ నుంచి లేత్ మిషను మీద తీసి వేసే మనిషి ధరమ్‌పాల్ మిస్త్రీ ఒక్కడేననీ, ఆయన ఈ మధ్యనే మాయాపురి వదిలి సొంతూరు బహదూర్‌గఢ్ వెళ్లిపోయాడనీ చెప్పాడు. “పనిమంతుడు. అబద్ధం చెప్పినా దొరకబుచ్చుకుంటాడు, ఇనుమైనా మనిషైనా” అని నవ్వాడు. ఆ మాటతో నాకు ఇంటికి తిరిగి వెళ్లిపోవాలనిపించింది.

అక్కడే ఒక తోపుడుబండి దగ్గర ఛోలే కుల్చే, శనగల కూరా రొట్టే, తిన్నాం, ప్లేటు యాభై. మా కాకినాడలో పెసరట్టుకు అల్లప్పచ్చడి ఎంతో ఇక్కడ కుల్చేకు పుల్లని ముల్లంగి తురుము అంత. అమ్మాయి సగం తిని వదిలేసింది. మిగతాది నేను తిన్నాను. భయం వేస్తే నాకు ఆకలి పెరుగుతుంది.

సరిహద్దు దగ్గర పోలీసు

ఢిల్లీ దాటి హర్యానాలో పడుతుండగా ఒక పోలీసు చెయ్యెత్తాడు. ఇక్కడ పాత బండి కనిపిస్తే చాలు, తుక్కుకు తోలేస్తారని పేరు. ఇది పురాతన వాహనంగా రిజిస్టరైన బండి, కాగితాలన్నీ ఉన్నాయి. ఉన్నా కంగారే. కాగితాలు తలకిందులుగా ఇచ్చాను.

ఆయన వాటిని చూడనేలేదు. “గేర్ కహాఁ హై ఇస్కా?” అని గేరు ఎక్కడుందో అడిగి, తల లోపలికి పెట్టి, కర్ర పట్టుకుని గిలక్కాయలాగా అటూ ఇటూ ఊపాడు. తర్వాత బండి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని, సలాం కొట్టి వెళ్లమన్నాడు. ఎక్కడికి వెళ్లేది? ఆయన ఊపిన ఊపుకు గేర్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని బిగుసుకుపోయాయి. కర్ర కదలదు.

అరిగిన హ్యాండు గేరుకు ఇది మామూలు జబ్బే. బానెట్ ఎత్తి, స్టీరింగ్ గొట్టం అడుగున ఉన్న రెండు ఇనుప చేతులను పట్టి విడదీయాలి. వంగి చూశాను. ఆ రెండింటి వెనక నల్లగా రబ్బరు ముక్క కనిపించింది. లాగి పారేస్తే సరి, ధరమ్‌పాల్‌కు ఇక ఏమీ దొరకదు. వేళ్లు దూర్చాను. అందలేదు. ఇంకాస్త దూర్చాను. వేలి చర్మం లేచిపోయింది. “క్యా ఢూండ్ రహే హో అంకుల్?” అని, ఏం వెతుకుతున్నానని అడిగాడు పోలీసు భుజం మీదుగా తొంగిచూస్తూ. ఏమీ లేదన్నాను. ఇనుప చేతులు విడదీసి బానెట్ మూసేశాను.

“స్రవంతీ, నేను చూసొచ్చేలోపు కర్ర ఒకసారి కదిపి చూడమ్మా” అని అంతకుముందే అడిగాను. తను కదపలేదు. చేతులు మోకాళ్ల మధ్యనుంచి తీయనే లేదు.

ధరమ్‌పాల్ ఇల్లు

అడుగుతూ అడుగుతూ సాయంత్రానికి చేరాం. ఇంటి ముందు బర్రెలు, పక్క షెడ్డులో లేత్. ధరమ్‌పాల్‌కు డెబ్భై దాటి ఉంటాయి. ఇనుము కొట్టీ కొట్టీ చెవులు పోయాయి. గట్టిగా చెప్తే సగం వినిపిస్తుంది. వెలుతురు పోయింది, పని రేపు, రాత్రికి ఇక్కడే ఉండండి అన్నాడు. ముక్కూమొహం తెలియని వాళ్లను ఇంట్లో పెట్టుకోవడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మా సొసైటీలో అయితే ముందు గేటు రిజిస్టరులో సంతకం పెట్టించేవాళ్లం.

ఆయన భార్య నన్ను చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుంది. మా వైపు మామగారి ముందు కూడా ఎవరూ అలా చెయ్యరు. కానీ కొంగు చాటు నుంచే నన్ను తెగ ఆటపట్టించింది. సజ్జ రొట్టె, ఆవాకు కూర, మీద నిమ్మకాయంత వెన్నముద్ద. ఆవాకు కూర మన గోంగూర లాగానే కనిపిస్తుంది కానీ పులుపు ఉండదు. నాలిక పులుపు కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. సంచిలో తెచ్చిన ఆవకాయ సీసా తీశాను. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ల నీళ్లు తుడుచుకుని, “యే తో బదలా లే రహా హై, పగ తీర్చుకుంటున్నాడు” అని ఇంకో ముక్క తీసుకుంది. స్రవంతి నవ్వింది. సెప్టెంబరు తర్వాత తను అలా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. చూసి సంతోషించాల్సింది పోయి, రేపు ఈ నవ్వు ఏమవుతుందోనని దిగులు పట్టుకుంది.

ధరమ్‌పాల్ హుక్కా గొట్టం నా వైపు తిప్పాడు. వద్దన్నాను. “బండి ఎప్పటి నుంచి మోగుతోంది?” అని అడిగాడు. వేసవి నుంచి అన్నాను. “మధ్యలో ఆ మోత ఆగిందా?”

 ఆయనకు ఎలాగూ వినపడదని ఏదో గొణిగాను. ఆయన నా మొహంలోకి చూసి హుక్కా తన వైపు తిప్పుకున్నాడు.

అరచెయ్యి

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మంచు కాస్త విడింది. ధరమ్‌పాల్ బండి కిందికి దూరి ఒక్కో భాగం విప్పి, పక్కనున్న పాత పళ్లెంలో వేస్తూ పోయాడు. అరిగి సన్నబడ్డ పిన్ను. ముక్కలైన బుష్షులు. చివరికి నల్లటి రబ్బరు ముక్క పళ్లెంలో పడింది. పాలు తెచ్చిన ఆయన భార్య దాన్ని తీసి చూసి, “అరే, ఇది కుక్కర్ రబ్బరు. నాదీ ఇలాంటిదే” అంది.

స్రవంతి ఆ ముక్కను అందుకుంది. వేళ్ల మధ్య సాగదీసి చూసింది.  మళ్లీ పళ్లెంలో పెట్టేసి, బర్రెల దగ్గరికి వెళ్లి నిలబడింది. అందులో ఒకదాని చెవి కింద గోకుతూ చాలాసేపు అక్కడే ఉంది.

ఆయన ఇత్తడి కడ్డీ లేత్ మీద పెట్టి నాలుగు బుష్షులు తీశాడు, కొత్త పిన్ను చేశాడు, కర్ర ఊగకుండా పట్టే చిన్న స్ప్రింగు వేశాడు. కూలీతో సహా రెండువేల రెండువందలు. ఢిల్లీలో ఒక మెకానిక్ కర్ర మొత్తం తీసేసి కింద గేరు పెట్టిస్తానని దానికి పదిరెట్లు అడిగాడు.

అసలు భయం అప్పుడు మొదలైంది. ఆయనకు చెవులు వినపడవు కనుక చప్పుడు ఉందో లేదో చేత్తో చూస్తాడు. ఇంజను నడుస్తుండగా బండి కింద పడుకుని, గేరు కడ్డీ మీద అరచెయ్యి ఆనిస్తాడు. పైన ఒకరు క్లచ్ తొక్కి పట్టుకుని, గేర్లు ఒకటొకటిగా వేస్తూ పోవాలి. చక్రాల ముందూ వెనకా ఇటుకలు పెట్టాడు. ఇటుకలు ఎంత ఆపుతాయి? గేరులో ఉండగా క్లచ్ మీద కాలు జారితే బండి ఆయన మీదుగా పోతుంది.

ఎక్కి కూర్చున్నాను. ఇంజను వేశాను. క్లచ్ తొక్కాను. ఎడమ కాలు తొడ దగ్గర నుంచి వణకడం మొదలైంది. ఎంత బిగబట్టినా ఆగలేదు. కింద నుంచి ఆయన ఇనుము మీద గట్టిగా తట్టాడు. ఇంజను ఆపేశాను.

బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు: “కడ్డీలో చప్పుడు లేదు. నీ కాలు వణుకుతోంది, అది నా చేతికి తెలుస్తోంది. నువ్వు దిగు. బేటీ కో బిఠావో, అమ్మాయిని కూర్చోబెట్టు.”

స్రవంతి రెండడుగులు వెనక్కి వేసింది. “నహీ. నాన్నా, ముఝ్‌సే నహీ హోగా, నా వల్ల కాదు. కింద మనిషి ఉన్నాడు. నేను రివర్సు వేసేస్తాను. నీకు తెలుసు కదా, వేస్తాను.”

నీకు తెలుసు కదా అంది. నాకు తెలుసు. ఆ క్షణాన నాకు పోలీసు భయం లేదు, పొగమంచు భయం లేదు, ఉన్నది ఒక్కటే భయం, ఈ మాట చెప్పాక అమ్మాయి నన్ను ఎలా చూస్తుందోనని. పళ్లెంలోంచి రబ్బరు ముక్క తీశాను.

“నువ్వు రివర్సు వెయ్యలేదమ్మా. మొదటి గేరే వేశావు. ఇది అడ్డుపడి గేరు ఊడిపోయింది. ఇది నేను కుక్కాను. మీ అమ్మ కుక్కర్‌ది. ఆ మర్నాడే తెలిసింది నాకు. చెప్పలేదు.”

బర్రె ఒకటి తల విదిలించింది. స్రవంతి నా చేతిలోని ముక్కను చూస్తూ నిలబడింది. తర్వాత తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది:

“పొద్దున చూసినప్పుడే అనుమానం వచ్చింది. నువ్వు చెప్తావేమోనని చూస్తున్నా. మూడు నెలలు నాన్నా. రామ్‌సేవక్ అంకుల్ మొహం చూడలేక నేను వెనక గేటు నుంచి వెళ్లేదాన్ని.”

 తప్పయిపోయింది అన్నాను, అది చాలా చిన్న మాటగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. తనకు రాలేదు.

ధరమ్‌పాల్‌కు ఇదంతా వినపడిందో లేదో. “చలో బేటీ” అని మళ్లీ బండి కిందికి దూరాడు. స్రవంతి చాలాసేపు ఆయన కాళ్ల వైపు చూసింది. తర్వాత ఎక్కి కూర్చుంది. ఇంజను వేసింది. నేను పక్కన నిలబడి ఇటుకనే చూస్తున్నాను. మొదటి గేరు. న్యూట్రల్. రెండు. మూడు. మళ్లీ మొదటికి. రివర్సు వేసినప్పుడు తన పెదవులు తెల్లబడ్డాయి, కాలు మాత్రం కదల్లేదు. కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, చాలు అన్నట్టు ఊగింది.

తిరుగు దారి

ధరమ్‌పాల్ భార్య ఒక డబ్బాలో వెన్న పెట్టి ఇచ్చింది, నేను ఆవకాయ సీసా వదిలేశాను. బండి స్రవంతే నడిపింది. నేను అడగలేదు, తనూ చెప్పలేదు, ఎక్కి తాళం కోసం చెయ్యి చాచింది. దారంతా నాతో మాట్లాడలేదు. కర్ర మోగడం లేదు. ఆ నిశ్శబ్దం నన్ను పీక్కుతిన్నది. ఏదైనా అనమ్మా, తిట్టు అన్నాను పంజాబీ బాగ్ దాటాక. “గాడీ చలా రహీ హూఁ” అంది, బండి నడుపుతున్నాను కదా అన్నట్టు.

యమున దాటాక మాత్రం ఒక మాట అంది: “అమ్మకు నువ్వే చెప్పు. రామ్‌సేవక్ అంకుల్‌కి కూడా. నేను చెప్పను.”

“చెప్తాను.”

“ఉద్యోగం వాళ్లకు రేపటి ఉత్తరం రాస్తా. ఏం రాస్తానో ఇంకా తెలీదు.”

ఎండ పలచబడే వేళకు మా గేటు ముందుకు వచ్చాం. వాలు సగం ఎక్కాక ముందు ఒక కారు ఆగింది. మేమూ ఆగాల్సి వచ్చింది. సరిగ్గా అదే చోటు. వెనక, కింద, నీలం టార్పాలిన్. కారు వెళ్లిపోయింది. స్రవంతి కదల్లేదు. రెండు కాళ్లూ క్లచ్ మీదా బ్రేకు మీదా బిగించి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని కూర్చుంది. 

“నాన్నా, దిగి చూడు. వెనక ఎవరూ లేరు కదా?”

దిగాను. బండి వెనక్కి నడిచాను. రామ్‌సేవక్ ఇస్త్రీపెట్టె పట్టుకుని బల్ల వెనక నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు, ఎప్పుడైనా పక్కకు దూకడానికి సిద్ధంగా. అతని పాదం మీద మచ్చ ఇంకా గులాబీరంగులోనే ఉంది. “ఉస్ దిన్ గల్తీ మేరీ థీ, రామ్‌సేవక్. బేటీ కీ నహీ” అన్నాను, ఆ రోజు తప్పు నాదే, అమ్మాయిది కాదని. ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. ముందు ఇది చెప్పాను. అతను ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టేశాడు.

తర్వాత వచ్చి బండికీ బల్లకూ మధ్య నిలబడ్డాను. వెనక బంపరు నా మోకాళ్లకు ఒక అడుగు దూరంలో ఉంది.

“నాన్నా! ఎవరూ లేరా?”

“నేనున్నాను” అన్నాను. “పోనీయ్.”

 అద్దంలో తన కళ్లు కనిపించాయి, నన్ను చూస్తూ.  పక్కకు జరగమని ఒళ్లంతా చెప్తోంది. కర్ర దించిన చప్పుడు టక్కున వినిపించింది. బండి మొదట ఒక బెత్తెడు వెనక్కి జారింది. కళ్లు మూసుకున్నాను, పక్కకు మాత్రం జరగలేదు. ఇంజను గట్టిగా మూలిగింది, వేడి పొగ మొహాన కొట్టింది. కళ్లు తెరిచేసరికి నా ముందు ఖాళీ వాలు ఉంది.

పైన గేటు దగ్గర బండి ఆగి ఉంది. స్రవంతి రెండుసార్లు హారన్ కొట్టింది, వచ్చి ఎక్కమని.